బంగారపు ఎరుపు, రాగి పంజరం: నానో పదార్థాల చరిత్ర

నానో పదార్థాల చరిత్రను సాధారణంగా గత నాలుగైదు దశాబ్దాల సంగతులతో మొదలుపెడుతుంటారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. అంత చిన్న కొలతతో వ్యవహరించే శాస్త్రం ఇటీవలిదే అయి ఉంటుందని అనుకోవడం సహజం. కాని ఈ పదార్థాలను తయారుచేయడం మనిషికి పదహారు వందల ఏళ్ల క్రితమే చేతనైంది. చేతకానిదల్లా తాను తయారుచేసినది ఏమిటో తెలుసుకోవడం. తయారీని మనం సంశ్లేషణ అంటాం. తయారైనదాని పరిమాణాన్ని, ఆకారాన్ని, నిర్మాణాన్ని, గుణాలను కొలిచి తేల్చడాన్ని లక్షణ నిర్ధారణ అంటాం. ఈ రెంటి మధ్య చాలాకాలం పెద్ద దూరం ఉండేది. ఆ దూరం ఎలా తగ్గుతూ వచ్చిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నానో పదార్థాలకున్న అనేక గుణాలలో ఇక్కడ రెండింటినే తీసుకుంటున్నాం. ఒకటి కాంతితో వాటి ప్రవర్తన. రెండవది విద్యుదయస్కాంత తరంగాలను అడ్డుకునే కవచ గుణం. ఈ రెండు చరిత్రలూ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో, మైకేల్ ఫారడే అనే ఒకే శాస్త్రవేత్త చేతిలో కలుసుకుంటాయి.

గాజులో దాగిన బంగారం

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో లైకర్గస్ పాత్ర అనే రోమన్ గాజు పాత్ర ఉంది. అది క్రీ.శ. నాలుగవ శతాబ్దానికి చెందినది. బయటి నుంచి వెలుగు పడినప్పుడు అది ఆకుపచ్చగా కనిపిస్తుంది. లోపల దీపం పెడితే ఎర్రగా కనిపిస్తుంది. 1990లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ గాజు ముక్కను పరిశీలించినప్పుడు, వెండి, బంగారం కలిసిన అతి సూక్ష్మ కణాలు అందులో ఉన్నాయని తేలింది. వాటి పరిమాణం 50 నుంచి 100 నానోమీటర్ల వరకు ఉంది. గాజులో బంగారం పాలు పది లక్షల భాగాలలో సుమారు 40 భాగాలు మాత్రమే. ఇంత స్వల్పంగా ఉన్న లోహమే ఆ రంగులన్నిటికీ కారణం.

ఆ పాత్ర చేసిన పనివారికి కణాల సంగతి తెలియదు. వారికి తెలిసింది కొలిమి, గాజు, అనుభవం. ఆ తరువాతి కాలంలోనూ ఇదే పద్ధతి. ఇటలీకి చెందిన ఆంటోనియో నేరి 1612లో గాజు తయారీపై వెలువరించిన గ్రంథంలో బంగారంతో ఎర్ర రంగు తెప్పించే ప్రస్తావన ఉంది. పదిహేడవ శతాబ్దంలోనే బంగారపు ద్రావణానికి తగరపు లవణాన్ని కలిపితే ఊదా రంగు పదార్థం అడుగున చేరుతుందని తెలిసింది. దానికి ఆండ్రియాస్ కాసియస్ పేరు మీద ‘కాసియస్ ఊదా’ అనే పేరు స్థిరపడింది. జర్మనీలో జోహాన్ కుంకెల్ కెంపు రంగు గాజును పెద్ద ఎత్తున తయారుచేయించారు. పింగాణీ మీద గులాబీ రంగులకు కూడా ఈ పదార్థాన్నే వాడారు.

అయితే ఆ ఊదా పదార్థం అసలు ఏమిటి? అది బంగారం, తగరం కలిసిన రసాయన సమ్మేళనమా, లేక రెండు పదార్థాల మిశ్రమమా? ఈ ప్రశ్న రసాయన శాస్త్రజ్ఞులను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. బెర్జీలియస్ వంటి ఉద్దండుడు దానిని సమ్మేళనంగానే భావించారు. తయారుచేసే పద్ధతి అందరికీ తెలుసు, తయారైనదేమిటో ఎవరికీ తెలియదు. ఈ చిక్కును మనం మళ్లీ కలుసుకుంటాం.

1836: పంజరంలో కూర్చున్న శాస్త్రవేత్త

ఇప్పుడు రెండవ గుణం వైపు వెళదాం. 1836 జనవరిలో ఫారడే ఒక విచిత్రమైన గదిని కట్టించారు. పన్నెండు అడుగుల కొలతలు గల ఘనాకారపు చెక్క చట్రం అది. దాని చుట్టూ రాగి తీగలు అల్లి, కాగితం అంటించి, తగరపు రేకు పట్టీలతో అంతటా విద్యుత్తు ప్రవహించే ఏర్పాటు చేశారు. నేలతో సంబంధం లేకుండా దానిని నిలబెట్టి, శక్తివంతమైన విద్యుత్ యంత్రంతో ఆవేశపరిచారు. బయటి గోడల నుంచి మెరుపులు చిమ్ముతున్నా, లోపల ఉన్న ఫారడేకు ఏమీ కాలేదు. అక్కడ ఆయన పెట్టుకున్న విద్యుద్దర్శినులలో చలనం కనిపించలేదు.

కారణాన్ని గమనించండి. వాహకానికి ఇచ్చిన ఆవేశం దాని బయటి తలం మీదనే ఉండిపోతుంది. లోపలి ప్రదేశంలో ఆ ఆవేశం వల్ల విద్యుత్ క్షేత్రం ఏర్పడదు. ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటుంది. ఫారడే గదికి దిట్టమైన లోహపు గోడలు లేవు. ఉన్నవి తీగలు, కాగితం, పల్చని రేకు. స్థిర విద్యుత్తును అడ్డుకోవడానికి మందం అవసరం లేదు, ఎడతెగని వాహక మార్గం ఉంటే చాలు. నేటి పల్చని కవచ పూతలకు పునాది అయిన ఆలోచన అక్కడే ఉంది.

మరో విషయం కూడా గమనించాలి. ఫారడే ఆ గదిని కట్టి ఊరుకోలేదు. లోపల పరికరాలు పెట్టి, ప్రభావం లేదని చూపారు. కవచం ఉందని చెప్పడం వేరు, కవచం పనిచేసిందని కొలిచి చెప్పడం వేరు.

1857: కెంపు రంగు ద్రవం

ఇరవై ఏళ్ల తరువాత అదే సంస్థలో ఫారడే బంగారం, కాంతి సంబంధాన్ని చేపట్టారు. ఆ ప్రయోగాలను 1857 ఫిబ్రవరిలో రాయల్ సొసైటీ వారి బేకరియన్ ఉపన్యాసంగా సమర్పించారు. బంగారపు రేకును అతి పల్చగా చేసి కాంతికి ఎదురుగా పెడితే ఆకుపచ్చ వెలుగు దాని గుండా వస్తుంది. గోల్డ్ క్లోరైడ్ ద్రావణాన్ని, కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించిన ఫాస్ఫరస్‌తో క్షయకరణం చెందిస్తే కెంపు రంగు ద్రవం వస్తుంది. అందులో కొద్దిగా ఉప్పు వేస్తే ఎరుపు పోయి నీలం వస్తుంది.

ఈ ద్రవంలో బంగారం కరిగి ఉందా, లేక కణాలుగా తేలుతోందా? కటకంతో కేంద్రీకరించిన కాంతి పుంజాన్ని ద్రవంలోకి పంపినప్పుడు దాని దారి మెరుస్తూ కనిపించిందని ఫారడే గమనించారు. నిజమైన ద్రావణంలో ఆ దారి అలా కనిపించదు. కాబట్టి బంగారం లోహ రూపంలోనే, అతి సూక్ష్మ కణాలుగా ఉందని, రంగు మార్పుకు కణాల స్థితిలో మార్పే కారణమని ఆయన నిర్ణయానికి వచ్చారు. ఈ నిర్ణయం సరైనదే. కాని ఆయన కాలంలోని ఏ సూక్ష్మదర్శినిలోనూ ఆ కణాలు కనిపించలేదు. దృశ్య కాంతిని వాడే మామూలు సూక్ష్మదర్శిని దాదాపు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న వివరాలను విడదీసి చూపలేదని 1873లో ఎర్నెస్ట్ అబే సిద్ధాంతం స్పష్టం చేసింది. కటకాలను ఎంత నునుపు చేసినా ఆ హద్దు దాటలేం. ఫారడే తయారుచేసిన ఆ ద్రవాలలో కొన్ని నేటికీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రంగు చెడకుండా భద్రంగా ఉన్నాయి.

కనిపించనిదాన్ని లెక్కపెట్టిన విధానం

ఈ హద్దును నేరుగా దాటకుండా, పక్క నుంచి దాటినవారు రిచర్డ్ జిగ్మాండీ. ఆయన జర్మనీలోని యేనా నగరంలో షాట్ గాజు కర్మాగారంలో పనిచేశారు. కాసియస్ ఊదా ప్రశ్నను 1898లో ఆయన సూటిగా ఎదుర్కొన్నారు. కొల్లాయిడ్ స్థితిలోని బంగారాన్ని, కొల్లాయిడ్ స్థితిలోని స్టానిక్ ఆమ్లాన్ని విడివిడిగా తయారుచేసి కలిపారు. వాటి నుంచి కాసియస్ ఊదా గుణాలే గల పదార్థం లభించింది. అంటే అది సమ్మేళనం కాదు, అతి సూక్ష్మ కణాల మిశ్రమం. ఇక్కడ సంశ్లేషణే లక్షణ నిర్ధారణకు సాధనమైంది.

కాని కణాలను చూపించవలసిన పని మిగిలింది. దీనికి జిగ్మాండీ, త్సైస్ సంస్థకు చెందిన హెన్రీ జీడెంటాఫ్‌తో కలిసి 1902-03 ప్రాంతంలో అతిసూక్ష్మదర్శినిని రూపొందించారు. మన ఇళ్లలో కిటికీ సందు నుంచి పడే ఎండలో ధూళి రేణువులు మెరవడం మీరు చూసే ఉంటారు. మామూలు వెలుతురులో అవి కనిపించవు. ఎండ పక్క నుంచి పడి, వెనుక చీకటి ఉన్నప్పుడు మాత్రం ఒక్కొక్క రేణువు వెలుగు చుక్కలా కనిపిస్తుంది. ఈ పరికరం పనిచేసేదీ ఆ సూత్రం మీదే. కాంతి పక్క నుంచి సన్నని చీలిక గుండా ప్రవేశిస్తుంది, సూక్ష్మదర్శిని చీకటి నేపథ్యంలో కణాలు పరిక్షేపించిన కాంతిని మాత్రమే పట్టుకుంటుంది. కణం ఆకారం తెలియదు, కాని కణం ఉందని తెలుస్తుంది.

ఉన్నదని తెలిస్తే లెక్కపెట్టవచ్చు. నిర్ణీత ఘనపరిమాణంలోని చుక్కలను లెక్కపెట్టి, అందులో ఎంత బంగారం ఉందో ముందే తెలుసు కనుక, ఒక్కొక్క కణం సగటు పరిమాణాన్ని గణించారు. కొల్లాయిడ్‌లపై చేసిన ఈ కృషికి జిగ్మాండీకి 1925 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ కణాలు ఎర్రగా ఎందుకు కనిపిస్తాయి? దానికి 1908లో గుస్తావ్ మీ జవాబిచ్చారు. గోళాకార లోహ కణం మీద పడిన కాంతిలో ఎంత శోషణం, ఎంత పరిక్షేపణం జరుగుతాయో మ్యాక్స్‌వెల్ సమీకరణాల ఆధారంగా ఆయన లెక్కగట్టారు. నేటి భాషలో చెప్పాలంటే, లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతి తరంగానికి అనుగుణంగా కణం లోపల అటూ ఇటూ ఊగుతాయి. దాదాపు 20 నానోమీటర్ల బంగారు కణాలలో ఈ ఊపు 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిలో బలంగా ఉంటుంది. ఆకుపచ్చ శోషించబడితే మిగిలి వచ్చేది ఎరుపు. ఉప్పు వేసినప్పుడు కణాలు గుంపులుగా చేరతాయి, అప్పుడు శోషణం ఎరుపు వైపు జరిగి ద్రవం నీలంగా మారుతుంది. ఫారడే చూసిన రంగు మార్పుకు అర్ధశతాబ్దం తరువాత గణిత రూపం దొరికింది.

ఆ తరువాతి పనిముట్లు వరుసగా వచ్చాయి. 1918లో పాల్ షెరర్, ఎక్స్ కిరణాల వివర్తన రేఖల వెడల్పును బట్టి స్ఫటిక పరిమాణాన్ని అంచనా వేసే పద్ధతిని చూపారు. స్ఫటికం చిన్నదయ్యే కొద్దీ రేఖ వెడల్పవుతుంది. 1931లో నాల్, రుస్కా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి నాంది పలికారు. 1951లో టర్కెవిచ్ బృందం గోల్డ్ క్లోరైడ్‌ను సిట్రేట్‌తో మరిగించే సులభ పద్ధతిని, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కణాలను కొలవడాన్ని ఒకే పరిశోధనలో చేర్చింది. 1973లో ఫ్రెన్స్, సిట్రేట్ పాళ్లు మార్చడం ద్వారా కణాల పరిమాణాన్ని మార్చవచ్చని చూపారు. ఈ రోజు కళాశాల ప్రయోగశాలలలో విద్యార్థులు చేసే బంగారపు కొల్లాయిడ్ ప్రయోగం చాలావరకు ఇదే.

కలకత్తాలో రెండు అధ్యాయాలు

ఈ చరిత్రలో మన దేశపు భాగం కూడా చిన్నది కాదు. 1890లలో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ కొన్ని మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల విద్యుత్ తరంగాలను పుట్టించి వాటి గుణాలను పరిశీలించారు. దారి తప్పిన తరంగాలు గ్రాహకాన్ని చేరి ఫలితాన్ని పాడుచేయకుండా జనకాన్ని లోహపు పెట్టెలో ఉంచారు. రైలు వేళల పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి, దానిని తరంగాల ధ్రువణకారిగా వాడారు. పుస్తకాన్ని ఒక దిశలో పెడితే తరంగాలు సాగిపోతాయి, తొంభై డిగ్రీలు తిప్పితే ఆగిపోతాయి. పల్చని వాహక పొరల అమరికను బట్టి తరంగం ఆగడమో, సాగడమో జరుగుతుందని ఆ పుస్తకం చూపింది. నేటి పొరల పొరల కవచ పదార్థాల గురించి చదివేటప్పుడు దానిని గుర్తుచేసుకోవచ్చు.

రెండవ అధ్యాయం సర్ సి.వి. రామన్‌ది. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది, అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో ఆయన తండ్రి ఉపన్యాసకులు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కె.ఎస్. కృష్ణన్ సహకారంతో రామన్ గుర్తించిన ఫలితం ప్రకారం, పదార్థం పరిక్షేపించిన కాంతిలో స్వల్ప భాగం రంగు మార్చుకుంటుంది. ఆ మార్పు పదార్థపు అణువుల కంపనాలను తెలుపుతుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా పనిచేసిన సూరి భగవంతం రామన్ శిష్యులు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై ఆయన రాసిన గ్రంథాన్ని వాల్తేరులో ఆ విశ్వవిద్యాలయమే 1940లో ప్రచురించింది.

రామన్ సంకేతం చాలా బలహీనమైనది. 1974లో ఇంగ్లండులో గరుకైన వెండి తలం మీద ఉన్న అణువుల నుంచి అసాధారణమైన బలమైన సంకేతం కనిపించింది. వెండి, బంగారపు సూక్ష్మ నిర్మాణాల దగ్గర కాంతి క్షేత్రం ఎంతో పెరగడమే దానికి ముఖ్య కారణమని తరువాత తేలింది. లైకర్గస్ పాత్రకు రంగునిచ్చిన ఎలక్ట్రాన్ల ఊపే ఇక్కడ కొలిచే సాధనంగా మారింది. 2004లో గ్రాఫీన్ వెలుగులోకి వచ్చాక, అది ఒక పొరా, రెండు పొరలా అని తేల్చడానికి రామన్ వర్ణపటమే సులభ మార్గమని 2006లో నిరూపితమైంది.

మళ్లీ గాజు దగ్గరకు

పరిమాణంతో రంగు మారడం లోహాలకే పరిమితం కాదు. 1981లో అలెక్సీ ఎకిమోవ్ లెనిన్‌గ్రాడ్‌లో రంగు గాజును పరిశీలిస్తూ, అందులోని కాపర్ క్లోరైడ్ స్ఫటికాలు చిన్నవయ్యే కొద్దీ వాటి శోషణం నీలం వైపు జరుగుతోందని కనుగొన్నారు. 1983లో అమెరికాలో లూయీ బ్రూస్ ద్రవంలో తేలే కణాలలో ఇలాంటి ఫలితాన్ని చూశారు. 1993లో మౌంగీ బావెండీ బృందం దాదాపు సమాన పరిమాణం గల స్ఫటికాలను తయారుచేసే పద్ధతిని కనుగొంది. క్వాంటమ్ చుక్కలు అని పిలిచే ఈ కణాలకు ముగ్గురూ 2023లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇక్కడా నిర్ణయాత్మకమైనది సమాన పరిమాణమే. రకరకాల పరిమాణాల కణాలు కలిసిపోతే శుద్ధమైన రంగు రాదు, సిద్ధాంతాన్ని పరీక్షించడమూ కుదరదు.

కాంతికి కిటికీ, రేడియోకు గోడ

ఇప్పుడు రెండు చరిత్రలూ కలిసే చోటికి వచ్చాం. మైక్రోవేవ్ పొయ్యి తలుపును చూడండి. గాజు వెనుక చిల్లుల లోహపు రేకు ఉంటుంది. లోపలి తరంగాల పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. ఒకటి రెండు మిల్లీమీటర్ల చిల్లుల గుండా అవి బయటకు రాలేవు. కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లే కనుక అది సులభంగా వస్తుంది. లోపల వంట కనిపిస్తుంది, తరంగాలు మాత్రం లోపలే ఉంటాయి. ఇది ఫారడే పంజరపు వారసత్వమే. వెండి నానో తీగలను పారదర్శక పొర మీద వలలా పరిచినప్పుడు జరిగేదీ ఇదే, వల కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది, అంతే తేడా.

మారుతున్న తరంగాల విషయంలో మందం ప్రశ్న మళ్లీ వస్తుంది. తరంగం లోహంలోకి కొంత లోతు వరకు చొచ్చుకుపోయి క్షీణిస్తుంది. రాగిలో ఈ లోతు 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 9 మిల్లీమీటర్లు, 1 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2 మైక్రోమీటర్లు మాత్రమే. కనుక అధిక పౌనఃపున్యాల వద్ద పల్చని పొర కూడా బాగా పనిచేస్తుంది. కవచ సామర్థ్యాన్ని డెసిబెల్‌లలో చెబుతారు. 30 డెసిబెల్‌లు అంటే తరంగ శక్తిలో వెయ్యవ వంతు మాత్రమే దాటిందని అర్థం.

2011లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో మ్యాక్సీన్‌లు అనే కొత్త తరగతి పదార్థాలు తయారయ్యాయి. టైటానియం, అల్యూమినియం, కార్బన్ గల పొరల పదార్థం నుంచి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో అల్యూమినియం పొరలను తొలగిస్తే, కొన్ని పరమాణువుల మందం గల వాహక రేకులు మిగులుతాయి. 2016లో డ్రెక్సెల్, కొరియా శాస్త్రజ్ఞులు 45 మైక్రోమీటర్ల మందం గల ఇలాంటి పొర 92 డెసిబెల్‌ల కవచాన్నిస్తుందని ప్రకటించారు. అంటే దాటే శక్తి సుమారు 158 కోట్లలో ఒక వంతు. అయితే తేమ గాలిలో ఈ పదార్థం నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతుంది. తయారైన రోజు కొలత ఒక్కటే చాలదు, కాలం గడిచాక కొలత కూడా కావాలి.

అతినీలలోహిత కిరణాలకు అడ్డుపడే జింక్ ఆక్సైడ్ ఇంకొక ఉదాహరణ. దాని పెద్ద కణాలు కాంతిని పరిక్షేపించి చర్మం మీద తెల్లగా కనిపిస్తాయి. నానో పరిమాణానికి వస్తే దృశ్య కాంతి పరిక్షేపణం తగ్గి పూత దాదాపు కనిపించదు, అతినీలలోహిత శోషణం మాత్రం కొనసాగుతుంది.

ఈ చరిత్ర చెప్పేది

మన దేశంలో ప్రభుత్వం 2007లో నానో మిషన్‌ను ప్రారంభించింది. ఆ తరువాత ఎన్నో కళాశాలలలో ఈ పరిశోధన మొదలైంది. బజారులో కూడా నానో అనే మాట సబ్బుల నుంచి బట్టల వరకు వ్యాపించింది. ద్రవం ఎర్రబడింది కనుక బంగారు నానో కణాలు వచ్చాయని రాసే ప్రాజెక్టు నివేదికలు, ఏ పౌనఃపున్యమో, ఎంత మందమో చెప్పకుండా తరంగాలను ఆపుతుందని అమ్మే వస్తువులు, రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు.

రంగు సూచన మాత్రమే, రుజువు కాదు. ఈ తేడా ఫారడేకు తెలుసు. అందుకే ఎర్రటి ద్రవాన్ని చూసి ఆగిపోకుండా కాంతి పుంజాన్ని పంపి చూశారు, పంజరాన్ని కట్టి ఊరుకోకుండా లోపల పరికరం పెట్టారు. జిగ్మాండీ చుక్కలను లెక్కపెట్టారు. కాసియస్ ఊదాను రెండు వందల ఏళ్లకు పైగా తయారుచేసినవారి నైపుణ్యంలో లోటు లేదు, కాని అది ఏమిటో చెప్పగలిగింది దానిని పరీక్షకు పెట్టినవారే.

కాబట్టి ఒక కొత్త పదార్థం గురించి విన్నప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. కణాల పరిమాణం ఎంత, అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయా? దానిని ఏ పద్ధతిలో కొలిచారు, మరొక పద్ధతి కూడా అదే చెప్పిందా? కాంతి గుణమైనా, కవచ గుణమైనా, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర, ఎంత మందానికి కొలిచారు? కొన్ని నెలల తరువాత కూడా ఆ గుణం నిలిచిందా? ఈ ప్రశ్నలకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మీ ప్రయోగశాలలో చేసిన కొల్లాయిడ్‌తోనే మొదలుపెట్టవచ్చు. సీసాను చీకటిలో ఉంచి పక్క నుంచి సన్నని కాంతి పుంజం పంపండి. దారి మెరిస్తే అందులో కణాలు ఉన్నాయన్నమాట. వాటి పరిమాణం ఎంతో తేల్చడం తరువాతి పని.